లిల్లీ ఆకుల అడుగున

పెడనలో కలంకారీ అద్దకం చేసే నాగభూషణం ఇంట్లో ఒక ఆచారం ఉండేది. అచ్చులు అద్ది, కాలవలో జాడించి, ఆరబెట్టిన గుడ్డల్ని ఎర్రరంగులో ఉడికించే రోజున పెరట్లో పెద్ద రాగి కాగు ఎక్కిస్తారు. నీళ్లు వేడెక్కాక మొదటి దోసెడు రంగుపొడి ఇంట్లో చెయ్యి మంచిదని పేరున్న ఆడమనిషే వెయ్యాలి. ఆ తర్వాత ఎవరు ఎంత పోసినా పట్టింపు లేదు. పటిక అద్దిన చోటల్లా ఎరుపు పట్టుకోవడం పటిక గుణమేనని నాగభూషణానికి తెలియకపోలేదు. బుద్ధెరిగినప్పట్నుంచీ ఆయన చేస్తున్నది ఆ పనే. అయినా ఆ దోసెడు పడేదాకా పొయ్యిలో ఇంకో పుల్ల పెట్టనిచ్చేవాడు కాదు.

ఆ దోసెడు పెద్దకోడలు మాణిక్యానిది. కాపురానికి వచ్చిన ఏడాదే ఆమె చేత వేయించారు. ఆ రోజు రంగు ఎక్కడా మచ్చ లేకుండా వచ్చింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మాణిక్యానికి ఉన్న గొప్ప అంతా అదే. మనిషి చామనఛాయ కంటే ఓ చాయ తక్కువ. వంట తినగలిగేలా చేస్తుందని అత్తగారు సత్యవతమ్మే అనేది, అదీ చుట్టాలు లేనప్పుడు. పాట రాదు, నలుగురిలో నవ్వించే మాట రాదు. ఇద్దరు మగపిల్లల్ని కన్నది గానీ, ఆ వీధిలో ఇద్దరు మగపిల్లల్ని కన్నవాళ్లు కొల్లలు. రంగు కాచే రోజున మాత్రం ఆమె పసుపు రాసుకుని కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చేదాకా మావగారు, మొగుడు దుర్గారావు, పనివాళ్లూ అందరూ కాగు చుట్టూ నిలబడి ఎదురుచూసేవారు. ఆమె కూడా తొందరపడేది కాదు. ఆ కాస్సేపూ నిదానంగానే నడిచి వచ్చేది.

మాణిక్యం పుట్టిల్లు దివిసీమ, మోపిదేవి దగ్గర ఓ పల్లె. తండ్రి పోలయ్య పూలతోట కౌలుకు చేసేవాడు. గుడికి వచ్చే జనానికి దండలు కట్టే వాళ్లకి నందివర్ధనాలు, కనకాంబరాలు, పెద్దాకుల తెల్ల లిల్లీలు వేసేవాడు. ఆడపిల్లల్లో మూడోది కావడంతో మాణిక్యాన్ని ప్రత్యేకించి ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. ఆమెకి మెప్పు దొరికింది ఒక్క విషయంలోనే. ఆకుని ఎండకి పట్టి చూసి ఏ పురుగు తిన్నదో చెప్పేసేది. అంచులు కొరికితే మిడత. ఆకు ముడుచుకుని జిగటగా ఉంటే పేనుబంక. పైపొర మిగిల్చి అడుగున పచ్చదనమంతా గీకేసి, ఆకు కాగితంలా తెల్లబారితే అప్పుడే గుడ్లు పగిలిన పిల్ల పురుగులు. "నీ కళ్లు కళ్లు కావే తల్లీ" అనేవాడు పోలయ్య. ఆ మాట ఆమె అక్కలతో ఆయన ఎప్పుడూ అనలేదు. అందుకే అది ఆమెకి అంత తియ్యగా ఉండేది.

పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో మరిది బాబూరావుకి గుడివాడ సంబంధం చేశారు. పిల్ల పేరు సరళ. వచ్చేటప్పుడు సారెతో పాటు ఓ పాత బిస్కెట్ డబ్బాలో మట్టి అంటిన దుంపలు తెచ్చుకుంది. తండ్రి రైల్వే గుమాస్తా. వాళ్ల క్వార్టర్ల ముందు ఎర్ర లిల్లీలు ఉండేవట. నూతి పక్కన, గుడ్డలు ఆరేసే దడికి ఇవతల మడి కట్టి వాటిని నాటుకుంది. గుడ్డలు నానేసే పేడనీళ్ల తొట్టి అడుగున మిగిలిన మడ్డి తెచ్చి ఎరువుగా వేసింది.

సరళ చెడ్డపిల్ల అయితే మాణిక్యానికి ఎంతో హాయిగా ఉండేది. ఏం లాభం, ఆ పిల్ల "అక్కయ్యా, అక్కయ్యా" అంటూ కొంగు పట్టుకు తిరిగేది. మావగారితో వేళాకోళాలాడి నవ్వించేది. అన్నేళ్లుగా ఆ ఇంట్లో ఉంటూ మావగారి పళ్లు ఎన్నున్నాయో మాణిక్యం ఎరగదు, ఈ పిల్ల వచ్చిన నెల్లాళ్లకే కనిపించాయి. సత్యవతమ్మ పెరుగు వడ్డించేటప్పుడు మీగడ చిన్నకోడలి కంచంలోకి జారేది. చేతిలో గరిటె జారిందని మాణిక్యం మొదట సరిపెట్టుకుంది. రోజూ ఒకే పక్కకి జారుతుంటే ఎన్నాళ్లని సరిపెట్టుకుంటుంది?

ఉగాదికి లిల్లీలు పూశాయి. ఒక్కో కాడకి నాలుగేసి పూలు, బాకా అంత పూలు, అచ్చం ఉడికి దించిన గుడ్డ ఎరుపు. వీధిలో ఆడవాళ్లంతా వచ్చి చూసిపోయారు. నాగభూషణం పీట వేయించుకుని మడి ముందు కూర్చుని కాగితం మీద బొమ్మ గీశాడు. పాత లతలూ చిలకలూ చూసి చూసి బందరు వ్యాపారులు మొహం తిప్పుకుంటున్నారని, ఈ పువ్వుతో కొత్త దుప్పటి అద్దాలని ఆయన ఆశ.

ఆ వారమే రంగు కాచే రోజు వచ్చింది. మాణిక్యం ఎప్పట్లాగే పసుపు రాసుకుని, చేతులు కడుక్కుని, నిదానంగా నడుచుకుంటూ వచ్చింది. రంగుపొడి గిన్నె అప్పటికే సరళ చేతిలో ఉంది.

"ఈసారి చిన్నమ్మాయి వేస్తుందిలే మాణిక్యం" అన్నాడు నాగభూషణం, పొయ్యి వైపే చూస్తూ. "దాని చేత్తో నాటిన పువ్వు ఏ రంగున పూసిందో చూశావుగా. చెయ్యంటే అదీ."

"అక్కయ్యే వేస్తారు మావయ్యగారూ, నాకు భయం" అంది సరళ.

"భయం దేనికే! వెయ్యి" అంది సత్యవతమ్మ.

మాణిక్యం తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఎవరూ ఆమెని పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. గుడ్డలు కాగులో తిరగబడుతున్నంత సేపూ రంగు పాడవ్వాలని, మచ్చలు పడాలని, మావగారు తల పట్టుకు కూర్చోవాలని మనసారా కోరుకుంది. రంగు ఎన్నడూ రానంత బాగా వచ్చింది. ఆ పూట ఆమె అన్నం తినలేదు. తలనొప్పని చెప్పి పడుకుంటే సరళ వచ్చి శొంఠి పట్టు వేస్తానంది. మాణిక్యానికి ఒళ్లు మండిపోయింది.

తొలకరి పడ్డాక ఓ రోజు పొద్దున సరళ పెరట్లోంచి కేకలు పెట్టింది. "మావయ్యగారూ, త్వరగా రండి! అత్తయ్యగారూ! ఎంత బావున్నాయో!"

లిల్లీ ఆకుల మీద రెక్కల పురుగులు నాలుగైదు వాలి ఉన్నాయి. బొటనవేలి గోరుకి రెండింతలుంటాయేమో. నల్లటి రెక్కల మీద ఎర్ర చుక్కలు, పసుపు చుక్కలు, అంచున తెల్ల ముత్యాలు పేర్చినట్టు. నాగభూషణం ఊపిరి బిగబట్టి చూశాడు. ఇన్నాళ్లూ అచ్చుల్లో పెట్టుకున్న రంగులే ఆ రెక్కల మీద ఉన్నాయి.

"బుజ్జి సీతాకోకచిలుకలు" అంది సరళ.

"పువ్వు పక్కన ఇది వాలినట్టు చెక్కిస్తాను" అన్నాడాయన. "కాగితం పట్రండర్రా. ఎవరూ కదిలించకండి."

మాణిక్యం బిందెతో నూతి దగ్గరకి వస్తూ చూసింది. చూడగానే పోల్చుకుంది. తండ్రి తోటలో ఇది కనబడితే పొలికేక పెట్టి పరుగెత్తేవారు. ఇది పగలు బద్ధకంగా ఆకు మీద కూర్చుంటుంది. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు కింద పడిపోతుంది, కాస్సేపటికి లేచి మళ్లీ ఎక్కుతుంది. ఆకు కొన అడుగున పసుప్పచ్చటి గుడ్లు గుత్తిగా పెడుతుంది. అవి పగిలి నల్లమచ్చల పురుగులు వస్తాయి, ఆకులు తిని, కాడ తిని, చివరికి దుంపలోకి దిగుతాయి. ఆమె వంగి ఒక ఆకు కొన తిప్పింది. గుడ్లున్నాయి.

చెప్పాలనే నోరు తెరిచింది. ఇది మాత్రం నిజం.

"ఏయ్ మాణిక్యం, చెయ్యి తీయి!" అని కసిరాడు నాగభూషణం. "ఎగిరిపోతాయి. నీకివన్నీ ఏం తెలుస్తాయి? వెళ్లి నీళ్లు తోడుకో."

"సరేనండి మావయ్యగారూ" అంది మాణిక్యం. ఆకు వదిలేసింది. నీళ్లు తోడుకుని వెళ్లిపోయింది.

ఆయన అక్కడే రోజుల తరబడి కూర్చుని ఆ పురుగుని నాలుగు పక్కలనుంచీ గీసుకున్నాడు. కోళ్లు రాకుండా మడి చుట్టూ తాటాకు దడి కట్టించాడు. టేకు చెక్క మీద అచ్చు చెక్కించాడు. తన లిల్లీలని తినబోయే దాన్ని అంత మర్యాదగా కాపలా కాసుకున్న ఇల్లు కృష్ణా జిల్లాలో ఇంకోటి ఉండి ఉండదు.

కొన్నాళ్లకి ఆకులు తెల్లబడ్డాయి. తర్వాత చిల్లులు పడ్డాయి. ఆకుల మొదట్లో నల్లగా ఆవగింజల్లాంటి రెట్ట పేరుకుంది. సరళ పుల్ల పట్టుకుని పురుగుల్ని ఏరి నిప్పుల్లో వేసేది. సాయంత్రానికి మడి శుభ్రం. రెండ్రోజులకి మళ్లీ అంతే. బూడిద చల్లింది. పొగాకు నానబెట్టిన నీళ్లు చల్లింది. నత్తలేమోనని దీపం పెట్టి వెతికింది. ఆ పిల్ల మొహం పీక్కుపోతుంటే మాణిక్యానికి ఆకలి బాగా వెయ్యసాగింది.

"ఎన్ని ఏరినా వస్తున్నాయక్కయ్యా" అంది సరళ ఓ రోజు, బియ్యం ఏరుతున్న మాణిక్యం పక్కన చతికిలబడి. "ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలియట్లేదు. ఆ సీతాకోకచిలుకలు వచ్చినప్పట్నుంచే మొదలైంది. అవేమైనా చేస్తున్నాయంటారా?"

మాణిక్యం చేట మీదనుంచి తలెత్తలేదు. "అవా? అవి తేనె తాగి పోయేవి. ఆకు తినడానికి వాటికి నోరెక్కడిది?"

అది అబద్ధం కాదు. రెక్కలొచ్చాక అది ఆకు తినదు. మాణిక్యం ఆ మాట ముందే కూడగట్టుకుని ఉంచుకుంది.

"మరి పురుగులు?"

"మట్టిలోంచేమో. పేడమడ్డి వేశావు కదా. అందులో పురుగు పుట్టడం వింతా?"

ఇది అబద్ధం. సరళ నమ్మింది. అక్కయ్య దివిసీమ తోటల్లో పెరిగిన మనిషి, ఆవిడకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ మధ్యాహ్నమే పలుగు తీసుకుని మడి అంతా తవ్వింది. దుంపల చుట్టూ ఉన్న మట్టి తీసి పారేసి కాలవగట్టు నుంచి కొత్త మట్టి తెచ్చి పోసింది. వేళ్లు తెగాయి. ఆపైన శ్రావణమాసం ముసురు పట్టుకుంది. మిగిలిన కాస్త ఆకునీ పురుగు తినేసింది. లాగి చూసిన నాలుగు దుంపలూ లోపల గుల్లయి, కుళ్లి, వాసన కొట్టాయి. సరళ నూతి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. మాణిక్యం వంటింటి కిటికీలోంచి చూసింది. చూస్తూనే ఉంది, పొయ్యి మీద పప్పు అడుగంటేదాకా.

"దాని చేత్తోనే పూసింది, దాని చేత్తోనే చచ్చింది" అంది సత్యవతమ్మ ఆ రాత్రి భోజనాల దగ్గర. "మొదట మురిపించి తర్వాత ముంచే చెయ్యిలా ఉంది. గుడ్డల దగ్గర ఎందుకొచ్చిన గొడవ?" బాబూరావు ఏదో అనబోయాడు గానీ తల్లి చూపు చూసి మజ్జిగ పోసుకున్నాడు. సరళ కంచంలో మీగడ పడలేదు.

లిల్లీ మీద సీతాకోకచిలుక వాలిన కొత్త దుప్పట్లు రంగుకి సిద్ధమైన రోజున నాగభూషణం వంటింటి గుమ్మం దాకా వచ్చి పిలిచాడు. "అమ్మా మాణిక్యం, నువ్వే రావాలి."

అమ్మా అన్నాడు. మాణిక్యం పసుపు రాసుకుంది. ఎప్పటికంటే ఇంకా నిదానంగా నడిచింది. సరళ దడి దగ్గర, పనివాళ్ల వెనకాల నిలబడి ఉంది. దోసెడు పొడి వేడినీళ్లలో పడి ఎర్రగా విచ్చుకుంటుంటే మాణిక్యానికి ఒంట్లోని బరువంతా దిగిపోయినట్టయింది. సంతోషించింది, దాచుకోకుండా. గుడ్డలు బయటికి తీస్తే పురుగు రెక్కల మీద ఎర్ర చుక్కలు నిఖార్సుగా వచ్చాయి. బందరు వ్యాపారి అక్కడికక్కడే ఇంకో విడత అడిగాడు.

అంతటితో ఆగి ఉంటే మాణిక్యం కథ ఆమెకి నచ్చినట్టే ఉండేది. మర్నాడు సత్యవతమ్మ మడిలో వెతికి గట్టిగా మిగిలిన మూడు దుంపలు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. "నీ చేత్తో నాటు. మీ మావయ్యకి ఆ పువ్వు లేకపోతే తోచట్లేదు."

కాదనడానికి లేదు. నాటింది. తర్వాత గాని ఆమెకి తట్టలేదు, ఇవి చస్తే తన చెయ్యి కూడా అలాంటిదే అంటారని. అప్పుడు మొదలయ్యాయి ఆమె పాట్లు. కొత్త ఆకు వచ్చిన దగ్గర్నుంచి, మగవాళ్లు గుడ్డలు జాడించడానికి కాలవకి వెళ్లగానే, అత్తగారు పూజలో కూర్చోగానే పెరట్లోకి పరుగెత్తేది. ఒక్కో ఆకూ తిప్పి చూసేది. గుడ్లు కనబడితే గోటితో గీకి నలిపేసేది. రెక్కల పురుగు కనబడితే కింద కొంగు పట్టి ఆకు మీద తట్టేది. అది చచ్చినట్టు కొంగులో పడేది. కొంగులోనే నలిపేసేది. లిల్లీలు ఏపుగా లేచాయి. "చూశారా చెయ్యి!" అంది సత్యవతమ్మ వీధిలో వాళ్లందరితో.

కార్తీకంలో ఓ పొద్దున అలా వంగి కొంగు పట్టుకుని ఉండగా, వెనక నూతి చప్టా మీద బిందె పెట్టిన చప్పుడైంది. సరళ. ఎప్పట్నుంచి చూస్తోందో. మాణిక్యం కొంగు ముడవబోయింది. అప్పటికే నల్లరెక్కల మీద ఎర్ర చుక్కలు అందులోంచి బయటికి కనబడుతున్నాయి.

"అవి తేనె తాగి పోయేవన్నారు" అంది సరళ.

మాణిక్యం కొంగు దులిపేసింది.

"మీకు మొదట్నుంచీ తెలుసు."

బొంకడానికి మాణిక్యం వెతుక్కుంది. ఈమధ్యే తెలిసిందని, ఎవరో చెప్పారని అనొచ్చు. ఆ పిల్ల కళ్లలోకి చూసింది. "తెలుసు" అంది.

సరళ దగ్గరికొచ్చి మడి పక్కన కూర్చుంది. ఒక ఆకు తిప్పింది. కొన అడుగున పసుపు చుక్కల గుత్తిని చాలాసేపు చూసింది. "ఇవేనా గుడ్లు?"

"ఆ."

గోటితో గీకింది. వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, మట్టికి తుడుచుకుంది. తర్వాత లేచి, బిందె నింపుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజంతా మాణిక్యం చెవులు రిక్కించుకునే ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెబుతుంది, అనుకుంది. చెప్పలేదు. బాబూరావుతో చెప్పి ఉంటుంది, వాడు తల్లితో చెబుతాడు, అనుకుంది. వాడు మామూలుగానే "వదినా, ఉప్పు" అన్నాడు. నేనెప్పుడన్నానని దబాయించాలా, కాళ్ల మీద పడాలా, మీరు ఆ రోజు నన్ను కసరలేదా అని మావగారి మీదే తిరగబడాలా అని రకరకాల జవాబులు సిద్ధం చేసుకుంది. ఒక్కటీ పనికిరాలేదు. ఎవరూ అడగలేదు.

తర్వాతి రంగు రోజున మాణిక్యం ఓర్చుకోలేకపోయింది. కాగు దగ్గర అందరూ ఉండగా "ఈసారి సరళ చేత వేయించండి మావయ్యగారూ" అంది. చెబితే ఇప్పుడన్నా చెప్పెయ్యనీ, ఈ ఎదురుచూపు తప్పుతుంది, అని ఆమె ఉద్దేశం.

నాగభూషణం విస్తుపోయాడు. సత్యవతమ్మ పెద్దకోడలి మంచితనానికి కళ్లొత్తుకుంది. అందరూ సరళ వైపు తిరిగారు.

"వద్దక్కయ్యా" అంది సరళ, మామూలు గొంతుతో. "అందరికీ మీ చెయ్యి మీద గురి. మీరే వెయ్యండి." రంగుపొడి గిన్నె తనే తెచ్చి మాణిక్యం చేతికిచ్చి, వెళ్లి పనివాళ్ల వెనకాల నిలబడింది.

ఆ తర్వాత నాగభూషణం పోయేదాకా, ఆయన పోయాక దుర్గారావు చేసినన్నాళ్లూ ఆ ఇంట్లో మొదటి దోసెడు మాణిక్యమే వేసింది. సరళ ఆ సంగతి మొగుడికి చెప్పలేదు, పుట్టింట చెప్పలేదు, తోడికోడళ్లు పోట్లాడుకున్న రోజున కూడా నోరు జారలేదు. అక్కయ్యా అనడం మానలేదు. కొంగు పట్టుకు తిరగడం మాత్రం మానేసింది. కాగు ముందు నిలబడ్డ ప్రతిసారీ మాణిక్యానికి వెనకాల ఎక్కడో ఆ పిల్ల ఉన్న సంగతి వీపుకి తెలిసేది. ఆ స్థానంలో తనుండి ఉంటే సాయంత్రానికల్లా పెడన వీధులన్నీ తిరిగి చెప్పి ఉండేది. అలా కడుపులో దాచుకోవడం తనకి చేతకాదు, ఎన్ని జన్మలెత్తినా చేతకాదు. మీగడ గురించీ పూల గురించీ ఎన్నడూ కుళ్లుకోనంతగా ఆ పిల్ల మూసుకున్న నోటిని చూసి కుళ్లుకుంది మాణిక్యం, బతికినన్నాళ్లూ.